నీళ్లు తాగే రోడ్డు

రోడ్డు నీళ్లు తాగుతుందని మా గిరీశ్ చెప్పినప్పుడు నేను బెల్లం కొడుతున్నాను. సుత్తి ఆపి, వాడి ముఖంలోకి చూసి, ఎండదెబ్బ ఏమైనా తగిలిందా అని అడిగాను. రెండేళ్ల కిందట, ఏప్రిల్ నెల మాట ఇది. నంద్యాల బస్సు దిగి, మంచినీళ్లయినా తాగకుండా నేరుగా అంగట్లోకి వచ్చి, బియ్యం మూట మీద కూర్చుని చెప్పాడు. ఆ ఏడాది వానకారులో మా ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇందులో ఉంది.

ఆళ్లగడ్డలో గురుస్వామి శెట్టి అంగడి అంటే పల్లెల వాళ్లకు కూడా తెలుసు. సరుకు బాగుంటుందని కాదు, గుంతలో ఉంటుందని. మా నాయన కట్టించినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లు ఎక్కి లోపలికి రావలసి వచ్చేది. ఇప్పుడు దిగి రావాలి. అంగడి కుంగలేదు, రోడ్డే పెరిగింది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త తారు పోస్తూ పోయారు. నా ఎరుకలోనే ఐదు రోడ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వాన పడితే వీధికి రెండు కొసల నుంచీ నీళ్లు వచ్చి మా గడప ముందు కలుసుకుంటాయి. కందిపప్పు, చక్కెర, బియ్యం మూటలన్నీ బల్లల మీదికి ఎత్తాలి, నీళ్లు తీసినాక దించాలి. ఆ బాధ పడలేక ఏటా వానకారు మొదట్లోనే మూటలన్నీ ఎత్తేసి, దీపావళి దాకా బల్లల మీదనే ఉంచుకునేవాళ్లం. నడుము నొప్పి మాకు మా నాయన ఇచ్చిన ఆస్తి.

గిరీశ్ మాకు ఒక్కడే. చిన్నప్పుడు వాడిని తక్కెడ పట్టుకోమంటే కడుపునొప్పి వచ్చేది. అంగడి వద్దని, నంద్యాలలో డిప్లొమా చదివి, ఒక కాంట్రాక్టరు దగ్గర రోడ్డు పనులు చూసే కొలువులో కుదిరాడు. ఆరేళ్లయినా అది టెంపరరీనే. కాంట్రాక్టరు పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఎండలో నిలబడేది మావాడే.

మామూలు రోడ్డులో పెద్ద కంకర, చిన్న కంకర, ఇసుక, క్రషర్ డస్టు అన్నీ కలుపుతారట. సందులన్నీ మూసుకుని చుక్క కూడా దిగదు. ఈ కొత్త రకంలో ఇసుకా డస్టూ తీసేసి, ఒకే సైజు కంకరను చిక్కటి తారుతో పట్టిస్తారట. నాకు అర్థం కావాలని వాడు అంగట్లో ఉన్న మరమరాల ఉండల సీసా వైపు చూపించాడు.

"బొరుగుల ఉండ సూడు నాయనా. పాకం బొరుగుల్ని పట్టుకుంటాది, సందులు సందుల మాదిరే ఉంటాయి. నీల్లు పోస్తే నిలుస్తాయా?"

నిలవవు. అంతవరకు నాకూ తెలుసు. ఆ సందుల్లోంచి దిగిన నీళ్లు కింద పరిచిన పెద్ద రాళ్లలో చేరతాయి. మన నల్లరేగడి నీళ్లు పీల్చదు కాబట్టి, ఆ రాళ్ల అడుగున చిల్లుల పైపు వేసి వక్కిలేరు వైపు పోయే కాలువలో కలుపుతారు. వాడు చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. ఇంట్లో ఎప్పుడూ పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్లోడు, ఆ రోజు నాకు బెల్లం కొట్టే పని లేకుండా చేశాడు.

రోడ్లు వేయించే ఆఫీసు పెద్దల కాళ్లావేళ్లా పడి, నూటఇరవై మీటర్లు వేసి చూడడానికి ఒప్పించాడట. అదీ మా వీధిలోనే. దీపావళి లోపల వచ్చి చూస్తారు. నీళ్లు తాగితే నంద్యాలలో పల్లంలో ఉన్న రెండు కాలనీలకు ఇదే రోడ్డు, దానికి మావాడే ఇంజినీరు, కొలువు పర్మనెంటు. తాగకపోతే వేరేచోటు చూసుకోమని కాంట్రాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఒక్క వానకారు నిలబడితే సాలు నాయనా," అన్నాడు గిరీశ్. "ఇంగ నన్ను ఎవురూ కదిలీలేరు."

*

మే నెలలో వీధి తవ్వారు. ఐదు రోడ్లూ పెళ్లలు పెళ్లలుగా పైకి వచ్చాయి. వాటి కింద మా నాయన నాటి మూడు మెట్లలో పైది బయటపడింది. దాన్ని చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రోడ్డు కిందికి దిగింది, ఇన్నేళ్లకు మా అంగడి మళ్లీ రోడ్డుకు సమానమైంది.

తారు వేసిన రోజు నంద్యాల నుంచి లారీలు పట్టలు కప్పుకుని వచ్చాయి. పట్ట తీస్తే పొగ. కంకర నల్లగా మెరుస్తూ ఉంది, ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో సందులతో. నిజంగానే బొరుగుల ఉండ. తారు మేస్త్రీ దాసరయ్య అని, కొత్తపల్లె అవతల నల్లమల అంచున ఒక గూడెం మనిషి. పదిహేనేళ్లుగా ఇదే పని. ఇనుప దంతెతో సర్దుతూ, రోలరు డ్రైవరును అడుగడుగునా కేకలేస్తున్నాడు. ఎక్కువ తొక్కితే సందులు నలిగిపోతాయని గిరీశ్ చెప్పిన మాట అతనికి బాగా పట్టింది. ఇంతకాలం గట్టిగా తొక్కమనే వాళ్లను చూశానుగానీ మెల్లగా తొక్కమనే ఇంజినీరును ఇప్పుడే చూస్తున్నానని నాతో అన్నాడు.

ఆరినాక, వీధంతా గుమిగూడి ఉండగా, గిరీశ్ మా బావి దగ్గరి నల్ల బకెట్ తెచ్చి నిండా నీళ్లు రోడ్డు మీద కుమ్మరించాడు. నేను ఐదు అంకెలు లెక్కపెట్టేలోగా నీళ్లు లేవు. తడి మచ్చ ఒక్కటే మిగిలింది. ఎదురింటి కమలాక్షమ్మ, రెండు ఎనుములు పెట్టుకుని పాలు పోసే ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగి చూసింది.

"నీల్లు యాడికి పాయె?" అంది.

అందరూ నవ్వారు. నేనైతే మరీ. ఆ సాయంత్రం అంగట్లోకి వచ్చిన ప్రతి మనిషికీ, అడిగినా అడగకపోయినా, మావాడి రోడ్డు గురించి చెప్పాను. ఉప్పుకు వచ్చిన వాళ్లు ఉప్పు మరిచిపోయి వెళ్లారు.

ఆ రోజే గిరీశ్ వీధి ఆడవాళ్లందరినీ మా అంగడి ముందు కూర్చోబెట్టి చెప్పాడు. ఈ రోడ్డుకు ఉన్న శత్రువు ఒక్కటే, సందుల్లో పడే సన్నటి పొడి. ఇసుక కుప్ప పోయకూడదు, బూడిద పారబోయకూడదు, పేడనీళ్లు చల్లకూడదు, ముగ్గు వేయకూడదు. ఇసుక, బూడిద అన్నప్పుడు అందరూ తలలూపారు. చివరి రెండూ వినేసరికి ఊగే తలలు ఆగిపోయాయి.

"వాకిలి ఎండబెట్టుకోని ఎట్ల కూచుంటామురా?" అంది మా ఆవిడ వెంకటలక్ష్మి. "ఇంట్లో పీనుగ లేసిందనుకుంటారు."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా వైపు కళ్లాపి లేని వాకిలి చూస్తే ఎవరైనా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. కాపురానికి వచ్చిన ముప్పైయేళ్లలో, మా అమ్మా నాయనా పోయిన రోజుల్లో తప్ప, ఆమె పేడనీళ్లు చల్లని పొద్దు లేదు. మా అందరి ఇళ్లకూ వాకిలి అంటే వీధే, వేరే స్థలం లేదు. గిరీశ్ ఆమె పక్కన కూర్చుని, గడప మీద పసుపు రాసి, ముగ్గు గడపకే వేసుకోమని బతిమాలాడు. దీపావళి దాకా ఓర్చుకోమన్నాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపింది. అంగట్లో ముందు వరసలో ఉన్న ముగ్గుపిండి మూటను నన్ను వెనక్కి నెట్టేయమన్నాడు. నెట్టేశాను.

జూన్ రెండో వారంలో వాన వచ్చింది, గంటసేపు పిడికిళ్లతో గుద్దినట్టు. అలవాటు కొద్దీ నేను మూటలు ఎత్తబోతే గిరీశ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దరం గడపలో నిలబడి చూశాం. నీళ్లు పడుతున్నాయి, పోతున్నాయి. పక్కవీధి మోకాలి లోతు మునిగి ఉంటే మా వీధిలో చెప్పులు తడవలేదు. వాడు గొడుగు పట్టుకుని కాలువ దాకా పోయి, పైపులోంచి నీళ్లు దూకే చప్పుడు విని వచ్చాడు. జుట్టంతా తడిసిపోయి, నవ్వుతూ వచ్చాడు. ఆ నవ్వు అంతకు ముందు నేను చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

ఆ ఏడు మూటలు బల్లల మీదికి ఎత్తకూడదని ఆ పూటే తీర్మానించుకున్నాం.

*

జూలైలో కాంట్రాక్టరు గిరీశ్‌ను నంద్యాల పనిలో వేశాడు. వాడు అక్కడే గది తీసుకుని ఉండి, ఆదివారాలు వచ్చిపోయేవాడు.

శ్రావణమాసం వచ్చింది. పాల ప్యాకెట్ల కోసం నేను ఐదు గంటలకే అంగడి తెరుస్తాను. మొదటి శుక్రవారం తలుపు తీసేసరికి, వెంకటలక్ష్మి తడి చీరలో, బకెట్టు చంకన పెట్టుకుని, రోడ్డు మీద పేడనీళ్లు చల్లుతోంది. పక్కనే ఇత్తడి గిన్నెలో ముగ్గుపిండి. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"వాని రోడ్డు కోసరమే చేస్తాండా," అంది. "నలభై ఒక్క రోజులు మొక్కుకున్నా. వాని కొలువు నిలబడాలని. లక్ష్మి ఇంట్లోకి రావాల్నంటే వాకిలి పచ్చగా ఉండొద్దా?"

వాడు చూస్తే ఏమంటాడని అడిగాను. ఆదివారం నాడు చల్లనంది. శనివారం సాయంత్రం పొరకతో శుభ్రంగా ఊడ్చేస్తానంది. ఇంతా చేసి గుప్పెడు పిండికి రోడ్డు చచ్చిపోతుందా అని ఎదురు అడిగింది. నిజం చెప్పాలంటే నాకూ అది న్యాయంగానే తోచింది. శనగ మూటల ట్రాక్టరును మోసే రోడ్డు గుప్పెడు పిండికి ఏమవుతుంది? పైగా అంత తెల్లారుజామున, తలస్నానం చేసి, వంగి, కొడుకు కోసం ఎనిమిది రేకుల పద్మం వేస్తున్న మనిషిని ఏమని ఆపను? ముగ్గు చాలా బాగుంది కూడా. నల్లటి రోడ్డు మీద తెల్లగా విచ్చుకుంది.

ఇంజినీరు అమ్మే చల్లుతుంటే మనకేమి అని వారం తిరగకముందే వీధంతా మొదలుపెట్టింది. కమలాక్షమ్మ ఎనుముల పేడ ఎవరికీ మిగలకుండా పోయేది. ఆడవాళ్లు అంగడికి వచ్చి, గొంతు తగ్గించి, దొంగసరుకు అడిగినట్టు ముగ్గుపిండి అడిగేవాళ్లు. వెనక ఉన్న మూట ముందుకు వచ్చింది. అది అయిపోతే ఇంకోటి తెప్పించాను. వినాయకచవితి దాకా మూడు మూటలు పోయాయి. శనివారం వస్తే మూటను నేనే వెనక్కి నెట్టేవాణ్ని, సోమవారం ముందుకు లాగేవాణ్ని. ముసలితనంలో ఇదో ఆటలాగా ఉండేది నాకు. కొడుకును మోసం చేస్తున్నానని ఒక్క పూట కూడా అనుకోలేదు.

శనివారం సాయంత్రాలు వీధంతా పొరకల చప్పుడు. ఊడ్చిన ప్రతిసారీ ఎండిన పేడా పిండీ కలిసి సందుల్లోకే దిగుతున్నాయని, ఊడ్చేవాళ్లకు గానీ చూస్తూ కూర్చున్న నాకు గానీ తట్టలేదు. పైకి మాత్రం రోడ్డు నల్లగా నిగనిగలాడేది.

*

చవితి వెళ్లిన రెండో ఆదివారం గిరీశ్ రోడ్డు మీద చిన్న మడుగు చూశాడు. ముందురోజు చిన్న జల్లు పడింది, అంతే. వాడు నల్ల బకెట్ తెచ్చి నీళ్లు పోసి, ఫోనులో టైము పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. నేను అంగట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఐదు అంకెలు దాటాయి, ఇరవై దాటాయి. నిమిషం దాటినా నీళ్లు అలాగే వాడి కాళ్ల దగ్గర తిరుగుతున్నాయి. వాడు పిన్నీసుతో సందులు గెలికి చూశాడు. లేచి, చేతులు దులుపుకుని అంగట్లోకి వచ్చాడు.

"నాయనా, ఎవురన్నా పేడనీల్లు చల్లుతాండారా?"

వాడి వెనక వంటింటి గుమ్మంలో వెంకటలక్ష్మి కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మొక్కు ముగియడానికి ఇంకా వారం రోజులే మిగిలాయి. ఆమె నా వైపే చూస్తోంది.

"లేదురా," అన్నాను. "ట్రాక్టర్ల మట్టి అయ్యుంటాది."

వాడు వెంటనే నమ్మాడు. తూకంలో నేను ఎవరినీ దగా చేయగా వాడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మట్టి అయితే పర్వాలేదని, పెద్ద వానలు పడితే కొంత కడుక్కుపోతుందని అన్నాడు. పేడా ముగ్గూ అయితే మాత్రం గచ్చులాగా బిగుసుకుపోతుంది. నెల తిరగకముందే పీల్చే మిషన్ తెప్పించాలి, అందుకే అడిగానన్నాడు. కావాలంటే రేపే తెప్పించగలనని కూడా అన్నాడు. అప్పుడైనా నోరు తెరవవలసింది. వాడు కాఫీ తాగి, గ్లాసు అమ్మ చేతికిచ్చి, మూడు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. నేను పప్పు జల్లించుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం వెంకటలక్ష్మితో, ఇంక చాలు, ఆపేయమన్నాను. మొక్కు మధ్యలో ఆపితే వాడికే అరిష్టమంది. ఆ మాటకు నాకూ భయం వేసింది. తెల్లారి ముగ్గుపిండి మూటను మళ్లీ ముందుకు లాగాను.

*

దసరా వెళ్లిన వారానికి వాయుగుండం పట్టింది. రెండు రోజులు తెరిపి లేని వాన. పెద్దలు చూడడానికి వస్తామన్నది సరిగ్గా ఆ రెండో రోజే. వానలోనే చూడాలని గిరీశే పట్టుబట్టాడట.

వాళ్లు జీపులో వచ్చేసరికి మా వీధిలో నీళ్లు మోకాళ్లు దాటాయి. వీధి ఇప్పుడు అంగడికి సమానంగా ఉంది కదా, నీళ్లకు మెట్లు దిగే శ్రమ కూడా లేకుండా పోయింది. మూటలు ఆ ఏడు ఎత్తలేదని చెప్పాను కదా. కందిపప్పు ఉబ్బి సంచులు పిగిలాయి, చక్కెర ఎటు పోయిందో తెలియదు. బెల్లం గోధుమరంగు నీళ్లయి గడప దాటి వీధిలోకి పారుతుంటే చీమలు కూడా కొట్టుకుపోయాయి.

పెద్దలు ముగ్గురూ ప్యాంట్లు మడుచుకుని నిలబడ్డారు. కాంట్రాక్టరు గిరీశ్ వైపు చూడడం లేదు. కాలువ దగ్గర పైపులోంచి సన్నటి ధార కూడా రావడం లేదని ఎవరో వచ్చి చెప్పారు. వీధివాళ్లు అరుగుల మీదికెక్కి చూస్తున్నారు. కమలాక్షమ్మ కూడా చూస్తోంది.

గడ్డపార వేసి ఒక పెళ్ల తీయమన్నారు. దాసరయ్య నీళ్లలో తడుముకుంటూ మా అంగడి ఎదురుగానే గడ్డపార దించాడు. అరచేయంత పెళ్ల పైకి తీసి, మోకాలికేసి రెండుగా విరిచాడు. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. నల్లటి కంకర మధ్య, సందు సందునా, పచ్చగా ఒక చార, తెల్లగా ఒక చార, మళ్లీ పచ్చగా ఒక చార. దాసరయ్య ఒక ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి మా గడప వైపు చూశాడు. గడపలో వెంకటలక్ష్మి, తడిసిన బియ్యం చాటలోకి ఎత్తుకుంటూ వంగి ఉంది. ఆమె ఇటు చూడలేదు.

గిరీశ్ అతని చేతిలోంచి రెండు ముక్కలూ తీసుకున్నాడు. చాలాసేపు చూశాడో, క్షణమే చూశాడో నాకు తెలియదు. నా వైపు మాత్రం చూశాడు. ఒకసారి. ఆ చూపులో కోపం ఉంటే నేను ఇంతగా కుమిలేవాణ్ని కాదు. తప్పిపోయిన పిల్లోడు సంతలో నాయనను వెతుక్కున్నట్టు చూశాడు.

ఏమైందయ్యా, డస్టు పడిందా అని పెద్దాయన అడిగాడు.

"డస్టు కాదు సారూ, ఇది..." అని దాసరయ్య మొదలుపెట్టాడు.

"డస్టే సార్," అన్నాడు గిరీశ్. "మిక్స్‌లో డస్టు ఎక్కువ పడింది. ప్లాంటులో నేనే చూసుకోలేదు. తప్పు నాదే."

ముక్కలు రెండూ ప్యాంటు జేబులో వేసుకున్నాడు. దాసరయ్య గడ్డపార మీద చెయ్యి ఆనించి, తల వంచుకుని నిలబడ్డాడు. నేను చెప్పవలసినవి రెండే మాటలు. నేనే అమ్మినాను. అంతే. నోటిదాకా వచ్చాయి. వీధంతా చూస్తోంది, గడపలో ఆమె ఉంది, నేను అబద్ధం ఆడానని కొడుకు ముందు తేలిపోతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పెద్దమనిషిలా, నోరు మూసుకున్నాను.

ఇటువంటి రోడ్లు మన ప్రాంతానికి పనికిరావని వాళ్లు అక్కడే, జీపు ఎక్కకముందే తేల్చేశారు.

*

దీపావళి వెళ్లగానే, పాత పద్ధతిలో, దాన్ని తవ్వకుండా దాని మీదే మామూలు తారు వేశారు, రెండు పొరలు. మళ్లీ రెండు మెట్లు దిగి రావాలి మా అంగట్లోకి. మా నాయన మెట్టు మళ్లీ కనిపించకుండా పోయింది.

గిరీశ్‌ను కాంట్రాక్టరు తీసేశాడు. డస్టు కలిపినోడు అన్న పేరు వాడికంటే ముందే నంద్యాలలో తిరిగింది. రోడ్డు పనుల్లో డస్టు కలపడమంటే ఏమిటో అందరికీ తెలుసు, మిగిలిన డబ్బు తిన్నాడని. నాలుగు చోట్ల అడిగాడు, నలుగురూ రేపు రమ్మన్నారు. సంక్రాంతి దాటినాక అడగడం మానేశాడు. ఒకరోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. కడుపునొప్పి ఏమీ లేదు. తూకం మాత్రం నాకంటే బాగా వేస్తాడు, గింజ అటూ ఇటూ కాకుండా.

ఆ రోజు సంగతి వాడు మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. తిడితే బాగుండునని కూడా.

ఆ పెళ్లలో ఏముందో వెంకటలక్ష్మికి నేనూ చెప్పలేదు. పెద్దలు వచ్చిపోయిన నాలుగో రోజు, వాడి ప్యాంటు ఉతకబోతే జేబులో ఆ ముక్కలు దొరికాయి. నేను పెరట్లోకి వెళ్లేసరికి బండ మీద కూర్చుని ఉంది. ఒక ముక్క నీళ్లలో నానిపోయి, పచ్చటి నీరు ఆమె అరచేతిలోంచి కారుతోంది. వాసన చూసింది. గోటితో కొంచెం గీకి, ముగ్గుపిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది, ముప్పైయేళ్లుగా నలుపుతున్నట్టే. ఏమిటే అని అడిగాను. ఏం లేదంది. ఒక ముక్కను పారేసి, రెండోదాన్ని వంటింట్లో ఉప్పు డబ్బా వెనక పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మరుసటి పొద్దున ఐదింటికి నేను తలుపు తీసేసరికి వాకిలి ఎండిపోయి ఉంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆమె పేడనీళ్లు చల్లలేదు, ముగ్గు వేయలేదు. పండగలకు కూడా. ఇప్పుడున్నది మామూలు తారు రోడ్డే కదా, ఎంత చల్లినా దానికేమీ కాదు. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాదు.

మొన్న మిడుతూరు నుంచి పాత ఆసామి ఒకాయన వచ్చాడు. ఏడాదికి రెండుసార్లు మా దగ్గర సరుకు కట్టించుకుపోతాడు. ఎదురింటి ముందు కమలాక్షమ్మ చల్లిన కళ్లాపి ఇంకా ఆరలేదు. అటూ ఇటూ వీధి పొడుగునా ముగ్గులే. మా గడప ముందు ఒక్కచోట దుమ్ము. ఆయన మెట్లు దిగబోయి ఆగి, కండువా తీసి చేత పట్టుకుని, నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

"ఎవురు పోయినారు శెట్టీ?"

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. గల్లా దగ్గర గిరీశ్ ఎవరో ఆడమనిషికి అరకిలో ముగ్గుపిండి పొట్లం కడుతున్నాడు. తలెత్తకుండా, దారం రెండు చుట్లు తిప్పి, పంటితో తెంపాడు.

"ఎవురూ పోలేదన్నా," అన్నాడు. "అందరం ఈడనే ఉండాం."